చీకటిలో వెలిగే అక్షరాలు

రాత్రివేళ ఆకాశంలో సాగిపోయే విమానంలో ప్రయాణికులు కునుకు తీస్తూ ఉంటారు. మూసి ఉన్న తలుపుకు ఆవల, విమానం ముందుభాగంలో, ఇద్దరు చాలకులు మేలుకొని ఉంటారు. వారు కూర్చునే ఇరుకైన గదిని కాక్‌పిట్ అంటారు. ఆ గదిలో కప్పుదీపాన్ని సాధారణంగా ఆర్పి ఉంచుతారు. ఐనా వారి ఎదుటా, నెత్తిమీదా, ఇద్దరి నడుమా ఉన్న మీటల పేర్లు, అంకెలు, గుర్తులు స్పష్టంగా కనబడుతూనే ఉంటాయి. ఆ అక్షరాల మీద వెలుగు పడడం లేదు. ఆ అక్షరాలే వెలుగుతున్నాయి. వెలుతురును లోపల నింపుకొన్న పలక, అక్షరం ఉన్నచోట మాత్రమే దానిని బయటకు పోనిస్తుంది. ఇటువంటి నియంత్రణ ఫలకాన్ని మనం 'వెలుగు పలక' అని పిలుచుకోవచ్చు.

ఈ వెలుగు పలకలు నేడు విమాన కర్మాగారాలకే పరిమితం కాలేదు. ఐరోపా, అమెరికా దేశాలలోనూ, ఇతర ప్రాంతాలలోనూ ఎందరో ఔత్సాహికులు తమ ఇంటిలోని ఒక గదినో, కారు నిలిపే కొట్టాన్నో కాక్‌పిట్‌గా మార్చుకొంటున్నారు. కంప్యూటరు తెర మీద ఆకాశం కనిపిస్తుంది. దాని ముందు నిజమైన విమానంలో ఉన్నట్లే మీటలు, బొత్తాలు, దీపాలు అమరి ఉంటాయి. ఆ అమరికలో అన్నిటికంటె ఓర్పు కోరే పని వెలుగు పలకల తయారీ. పైకి వినోదంగా కనిపించే ఈ పనిలో భౌతికశాస్త్రం, విద్యుత్తు, చిత్రలేఖనం, వడ్రంగం, కంప్యూటరు విద్య ఒకచోట కలుస్తాయి. దీని వెనుక మనుషుల ప్రాణాలతో ముడిపడిన ఒక చరిత్ర కూడా ఉన్నది.

నేలమీద ఎగిరే విమానం

విమానాన్ని నడపడం నేల మీదనే నేర్పవచ్చునన్న ఆలోచన కొత్తది కాదు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో, బింగమ్‌టన్ పట్టణంలో, ఎడ్విన్ లింక్ అనే యువకుని తండ్రికి పియానోలు, ఆర్గన్ వాద్యాలు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గన్‌లో గాలిని నింపి వదిలే తిత్తులు, కవాటాలు ఉంటాయి. వాటినే ఉపయోగించి లింక్ 1929లో ఒక అనుకరణ యంత్రాన్ని నిర్మించాడు. పొట్టి రెక్కల బొమ్మవిమానంలా ఉండే ఆ పెట్టెలో కూర్చొని మీటను కదిపితే అది నిజమైన విమానంలా ఒరిగేది, తిరిగేది, ముక్కు ఎత్తేది.

మొదట దానిని వేడుక వస్తువుగానే చూశారు. 1934లో అమెరికా సైన్యం తపాలా సంచులను విమానాలలో చేరవేసే బాధ్యత తీసుకొన్నది. పొగమంచులో, రాత్రివేళలో కేవలం పరికరాలను చూచి విమానం నడపడంలో తగిన శిక్షణ లేక పలువురు వైమానికులు మరణించారు. అప్పుడు సైన్యం లింక్ యంత్రాలను కొనుగోలు చేసింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో లక్షలాది వైమానికులు ఆ నీలిపెట్టెలలోనే తొలిపాఠాలు నేర్చుకొన్నారు.

కంప్యూటర్లు ఇళ్ళలోకి వచ్చిన తరువాత ఈ విద్య కూడా ఇంటికి వచ్చింది. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించిన విమాన అనుకరణ ప్రోగ్రాము ఆధారంగా 1982లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వెలువడింది. తరువాత ఎక్స్-ప్లేన్, ఫ్లైట్‌గేర్ వంటివి వచ్చాయి. 2020లో విడుదలైన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ భూగోళమంతటినీ తెరమీద చూపించగలిగింది. ఐతే తెరమీది మీటను మౌస్‌తో నొక్కడం వేరు, చేయి చాచి అసలు మీటను పట్టుకోవడం వేరు. ఏ మీట ఎక్కడ ఉన్నదో చేతికి అలవాటు కావాలంటే చేతికి అందే ఫలకం కావాలి. ఇంటి కాక్‌పిట్ నిర్మాణానికి ప్రేరణ ఇదే.

చూపుకూ ప్రాణానికీ సంబంధం

ఫలకం ఎలా ఉండాలన్నది అందచందాల ప్రశ్న కాదని రెండవ ప్రపంచయుద్ధం నేర్పింది. బి-17 అనే బాంబరు విమానం నేలకు దిగిన తరువాత కొందరు చాలకులు రెక్కల వెనుక ఉండే ఫ్లాపులను ముడవబోయి చక్రాలను ముడిచేవారు. దానితో విమానం పొట్టమీద కూలబడేది. 1943లో ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఈ సమస్యను పరిశీలించాడు. ఆ రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే ఆకారంలో ఉన్నాయని గమనించాడు. తప్పు చాలకునిది మాత్రమే కాదు, ఫలకానిది కూడా. చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడిని, ఫ్లాపు మీటకు రెక్క ఆకారపు పిడిని అమర్చాలన్నది ఆయన సూచించిన పరిష్కారం. నేటికీ రవాణా విమానాలలో చక్రాల మీటకు చక్రం ఆకారపు పిడి ఉంటుంది.

చిన్న దీపం ఎంత పని చేయగలదో 1972 డిసెంబరు 29 రాత్రి తెలిసింది. ఈస్టరన్ ఎయిర్‌లైన్స్ 401వ నంబరు విమానం మయామీ నగరంలో దిగబోతున్నది. ముందుచక్రం దిగినట్లు తెలిపే దీపం వెలగలేదు. నిజానికి చక్రం దిగే ఉన్నది. మాడిపోయింది బల్బు మాత్రమే. కాక్‌పిట్‌లోని వారందరూ ఆ దీపం మీదనే దృష్టి నిలిపారు. ఎత్తును నిలిపి ఉంచే స్వయంచాలక యంత్రం ఆ పనిని మానివేసిన సంగతిని ఎవరూ గమనించలేదు. విమానం క్రమంగా కిందికి జారి చిత్తడినేలలో కూలిపోయింది. 101 మంది మరణించారు.

అందువల్ల ఫలకం మీది ప్రతి అక్షరానికీ, ప్రతి దీపానికీ ఒక బాధ్యత ఉన్నది. వెంటనే స్పందించవలసిన ప్రమాదానికి ఎరుపు, త్వరలో పట్టించుకోవలసిన లోపానికి కాషాయం కలిసిన పసుపు రంగు వాడడం విమానయానంలో నియమం. అంతా సవ్యంగా ఉన్నదని తెలపడానికి ఆకుపచ్చను వాడతారు. ఇంటి కాక్‌పిట్‌లోనూ ఈ రంగులను మార్చకూడదు. మారిస్తే అభ్యాసం తప్పుదారి పడుతుంది.

అక్షరాలు లోపలినుంచే ఎందుకు వెలగాలి? దీనికి సమాధానం మన కంటిలో ఉన్నది. నేత్రపటలంలో శంకుకణాలు, దండకణాలు అని రెండు రకాల కణాలు ఉంటాయి. శంకుకణాలు వెలుతురులో పనిచేసి రంగులను గుర్తిస్తాయి. దండకణాలు మసక చీకటిలో పనిచేస్తాయి. వెలుతురులోనుంచి చీకటిలోకి వచ్చినప్పుడు శంకుకణాలు సుమారు పది నిమిషాలలో సర్దుకొంటాయి. దండకణాలు పూర్తిగా సర్దుకోవడానికి సుమారు అరగంట పడుతుంది. ఇంతలో ఒక ప్రకాశవంతమైన దీపం వెలిగితే ఆ అరగంట శ్రమ క్షణంలో వృథా అవుతుంది. పైగా ఆ దీపం కాంతి ముందు అద్దంలో ప్రతిఫలించి బయటి దృశ్యాన్ని కప్పివేస్తుంది. కాబట్టి చాలకునికి కావలసింది గదినిండా వెలుతురు కాదు; అక్షరం మేరకు మాత్రమే వెలుతురు.

దండకణాలలోని రొడాప్సిన్ అనే పదార్థం ఎర్రని కాంతికి అతి తక్కువగా స్పందిస్తుంది. అందువల్ల ఒకప్పుడు కాక్‌పిట్‌లలో ఎర్రదీపాలు వాడేవారు. ఐతే ఎర్రని వెలుగులో పటం మీది ఎర్రగీతలు కనబడవు. రంగుల భేదం చెడుతుంది. ఆ కారణంగా రవాణా విమానాలలో ఎర్రని కాంతికి బదులు మందంగా వెలిగే తెల్లని కాంతి స్థిరపడింది.

పలకలో కాంతి ప్రయాణం

వెలుగు పలకకు ప్రధానమైన పదార్థం అక్రిలిక్. ఇది గాజువలె పారదర్శకంగా ఉండి, గాజుకంటె తేలికగా, కోయడానికి అనువుగా ఉంటుంది. దీని వక్రీభవన గుణకం సుమారు 1.49. దీనినిబట్టి గాలితో కలిసే తలం వద్ద దీని సందిగ్ధకోణం సుమారు 42 డిగ్రీలు అవుతుంది. పలక లోపల ప్రయాణించే కాంతికిరణం అంతకంటె ఎక్కువ పతనకోణంతో ఉపరితలాన్ని తాకితే బయటకు పోలేదు. సంపూర్ణాంతర పరావర్తనం చెంది మళ్ళీ లోపలికే మరలుతుంది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివే ఈ సూత్రమే ఇక్కడ పనిచేస్తున్నది. పలక అంచున దీపం పెట్టినా, లోపల దీపం పొదిగినా, కాంతి రెండు ముఖాల మధ్య ఎగిరిపడుతూ పలక అంతటా వ్యాపిస్తుంది.

ఐతే లోపలే తిరిగే కాంతి కంటికి కనబడదు. దానిని బయటకు రప్పించాలంటే ఉపరితలం మీద చెదరగొట్టే పొర ఒకటి ఉండాలి. ఆ పని చేసేది తెల్లని రంగుపూత. తెల్లని పూతను తాకిన కాంతి అన్ని దిక్కులకూ చెదురుతుంది. అందులో కొంత బయటకు వస్తుంది. ఆ తెల్లని పూత మీద కాంతిని పోనివ్వని మరొక పూత వేస్తారు. బోయింగ్ ఫలకాలను అనుకరించేవారు దీనికి ముదురు బూడిదరంగు వాడతారు. పై పూతను అక్షరం ఆకారంలో గీకివేస్తే కింది తెలుపు బయటపడుతుంది. పగటిపూట అది బూడిదరంగు మీద తెల్లని అక్షరం. రాత్రి దీపం వెలిగించగానే అదే అక్షరం కాంతిరూపం ధరిస్తుంది. వెలుగు పలకలోని రహస్యమంతా ఈ రెండు పూతలలోనే ఉన్నది.

ఒక ఫలకం తయారయ్యే తీరు

ఉదాహరణకు బోయింగ్ 737 విమానాన్ని తీసుకొందాం. 1967 ఏప్రిల్ 9న తొలిసారి ఎగిరిన ఈ విమానం ఇంటి కాక్‌పిట్లు కట్టేవారికి ఎంతో ఇష్టమైనది. దాని నెత్తిమీది ఫలకంలో కిందివరుసన బయటి దీపాల మీటలు ఉంటాయి. నేలకు దిగేటప్పుడు వెలిగించే ల్యాండింగ్ దీపాలు, నేలమీద నడిచేటప్పుడు వెలిగించే టాక్సీ దీపం, రెక్కల దీపాలు, ఇతర విమానాలకు ఉనికిని తెలిపే మిణుకు దీపాలు అక్కడి మీటలతోనే పనిచేస్తాయి. కొత్తగా నేర్చుకొనేవారు ఈ ఫలకంతో ప్రారంభించడం సులభం. ఇందులో ఎక్కువ భాగం ఇటు అటు వాల్చే సాధారణ మీటలే.

మొదటి పని కొలత. ఫోటోను చూచి కొలతలు తీసుకొంటే కెమెరా కోణం వల్ల తేడా వస్తుంది. అందువల్ల తెలిసిన కొలత గల ఒక వస్తువును ఆధారంగా తీసుకొని తక్కినవాటిని లెక్కకట్టాలి. ఇద్దరు చాలకుల నడుమ ఉండే పీఠం మీది రేడియో ఫలకాల విషయంలో ఈ కష్టం తక్కువ. అవి ప్రమాణబద్ధమైనవి. వాటి వెడల్పు 5¾ అంగుళాలు, అంటే సుమారు 146 మిల్లీమీటర్లు. వాటిని బిగించే పట్టాల మీద రంధ్రాల మధ్య దూరం 3/8 అంగుళం, అంటే 9.525 మిల్లీమీటర్లు. పావు మలుపుతో బిగిసి, పావు మలుపుతో ఊడే డ్జూస్ మరలతో వాటిని బిగిస్తారు. ఒక ఫలకం చెడిపోతే క్షణాలలో తీసి మరొకటి పెట్టడానికి ఈ ఏర్పాటు.

రెండవ పని చిత్రరచన. కంప్యూటరులో గీతలతో బొమ్మ గీసి, చెక్కవలసిన అక్షరాలను ఒక పొరలోనూ, కోయవలసిన రంధ్రాలను మరొక పొరలోనూ ఉంచుతారు. అక్షరాలకు చివర అలంకారాలు లేని, సమానమైన మందం గల లిపిని ఎన్నుకోవాలి. అక్షరంలోని గీత మరీ సన్నగా ఉంటే వెలుగు చాలదు. మరీ లావుగా ఉంటే అక్షరం చుట్టూ కాంతి అలముకొని చదవడం కష్టమవుతుంది. బొమ్మను ముందుగా కాగితం మీద అచ్చువేసి, అట్టకు అతికించి, మీటలను అందులో గుచ్చి చూసుకోవడం మంచిది. కాగితం మీద దిద్దుకొన్న తప్పుకు ఖర్చు లేదు. అక్రిలిక్ మీద చేసిన తప్పుకు పలక మొత్తం పోతుంది.

మూడవ పని పూత. 3 మిల్లీమీటర్ల మందం గల పారదర్శకమైన అక్రిలిక్ పలకను తీసుకొంటారు. దాని రక్షణకాగితాన్ని ఒలిచి, మెత్తని గరుకుకాగితంతో తేలికగా రుద్ది, దుమ్ము లేకుండా తుడుస్తారు. ముందువైపు తెల్లరంగును పలుచని పొరలుగా చిమ్ముతారు. ఒకే మందమైన పొరగా వేస్తే రంగు కారుతుంది. ఒక పొర ఆరిన తరువాతనే మరొక పొర వేయాలి. తెలుపు మరీ పలుచనైతే దీపం చుక్కలుగా కనబడుతుంది. మరీ మందమైతే వెలుగు రాదు. అది పూర్తిగా ఆరిన తరువాత బూడిదరంగును వేస్తారు. ఈ పొరలో సూదిమొన పాటి రంధ్రం కూడా ఉండరాదు. పలకను వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే లోపాలు నక్షత్రాలవలె మెరుస్తాయి. అప్పుడు మరొక పొర వేయాలి. పలక అంచులకు కూడా రంగు పూయడం మరువరాదు. లేకుంటే వెలుగు అక్షరంలోనుంచి కాక అంచులోనుంచి పారిపోతుంది.

నాలుగవ పని చెక్కడం. దీనికి రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది తిరిగే ములికి గల చెక్కుడు యంత్రం. కంప్యూటరు ఆజ్ఞ ప్రకారం ములికి కదులుతూ పై పూతను మాత్రమే గీకుతుంది. పూత మందం మిల్లీమీటరులో పదోవంతు కంటె తక్కువగా ఉండవచ్చు. కాబట్టి బల్ల ఏమాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా ఒకచోట అక్షరం తెగదు, మరొకచోట తెలుపు కూడా లేచిపోతుంది. రెండవ మార్గం లేజరు. కార్బన్ డయాక్సైడ్ లేజరు 10.6 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కిరణాన్ని వెలువరిస్తుంది. అక్రిలిక్ దానిని బాగా శోషించుకొంటుంది. అందువల్ల తక్కువ శక్తితో పూతను చెక్కవచ్చు. ఎక్కువ శక్తితో పలకనే కోయవచ్చు. చిన్న యంత్రాలలో ఉండే నీలికాంతి లేజరు సంగతి వేరు. దాని కిరణం పారదర్శకమైన అక్రిలిక్‌లోనుంచి దూసుకుపోతుంది, దానిని కోయలేదు. ముదురురంగు పూతను మాత్రం కాల్చగలదు. సొంతంగా యంత్రం లేనివారికి హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో పేరుపలకలు, జ్ఞాపికలు చెక్కే దుకాణాలు ఈ పని చేసిపెట్టగలవు.

పలకను యంత్రం మీద ఒక్కసారి బిగించి, ముందు అక్షరాలు చెక్కి, తరువాత రంధ్రాలు, ఆపైన అంచులు కోయాలి. మధ్యలో తీసి మళ్ళీ పెడితే అక్షరానికీ రంధ్రానికీ పొంతన చెడుతుంది.

ఈ పనులలో జాగ్రత్తలు తప్పనిసరి. రంగు చిమ్మేటప్పుడు, కోసేటప్పుడు గాలి ధారాళంగా ఆడాలి. ముక్కుకు, కంటికి రక్షణ ఉండాలి. లేజరు కిరణం కంటిని శాశ్వతంగా దెబ్బతీయగలదు. అన్నిటికంటె ముఖ్యమైనది పదార్థాన్ని గుర్తించడం. అక్రిలిక్‌వలె కనబడే పి.వి.సి. పలకను లేజరుతో ఎన్నడూ కోయరాదు. అది కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వెలువడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. యంత్రాన్ని కూడా తినివేస్తుంది.

దీపాల లెక్క

పాత విమానాల వెలుగు పలకలలో గోధుమగింజంత తంతుబల్బులు ఉండేవి. అవి వేడెక్కేవి, మాడేవి. ఇంటి కాక్‌పిట్‌లలో వాటి స్థానాన్ని కాంతి ఉద్గార డయోడ్లు, అంటే ఎల్.ఇ.డి.లు ఆక్రమించాయి. తెల్లని ఎల్.ఇ.డి. లోపల ఉండేది నీలికాంతి డయోడే. దానిమీది పసుపుకాంతినిచ్చే పొడి పూత వల్ల రెండు కాంతులు కలిసి తెలుపుగా కనబడుతుంది. నీలి ఎల్.ఇ.డి.ని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. తంతుబల్బు పోలికరావాలంటే కొంచెం పసుపుఛాయ గల వెచ్చని తెలుపును ఎన్నుకోవాలి.

ఎల్.ఇ.డి.ని నేరుగా విద్యుత్తుకు కలపరాదు. ప్రవాహాన్ని అదుపుచేసే నిరోధం ఉండాలి. దాని లెక్క ఓమ్ నియమమే. ఒక తెల్లని ఎల్.ఇ.డి.కి సుమారు 3.2 వోల్టులు అవసరం అనుకొందాం. మూడింటిని శ్రేణిలో కలిపితే 9.6 వోల్టులు. సరఫరా 12 వోల్టులైతే మిగిలినది 2.4 వోల్టులు. ప్రవాహం 20 మిల్లీ ఆంపియర్లు ఉండాలంటే నిరోధం 2.4ను 0.02తో భాగించగా వచ్చే 120 ఓములు. ఆ నిరోధం మీద ఖర్చయ్యే సామర్థ్యం 0.048 వాట్లు మాత్రమే కాబట్టి పావు వాటు నిరోధం చాలును. ఒక ఫలకానికి 24 దీపాలు కావాలంటే ఇటువంటి శ్రేణులు ఎనిమిది. మొత్తం ప్రవాహం 160 మిల్లీ ఆంపియర్లు. ఇటువంటి ఫలకాలు ఇరవై ఉంటే 3.2 ఆంపియర్లు. కొంత వెసులుబాటు ఉంచుకొని 5 ఆంపియర్ల సరఫరాను ఎన్నుకోవాలి. మన దేశంలో ఇళ్ళకు వచ్చే 230 వోల్టుల విద్యుత్తును ఫలకం దరికి రానీయరాదు. మూసి ఉన్న, నాణ్యమైన సరఫరా పెట్టె నుంచి 12 వోల్టులు మాత్రమే ఫలకానికి చేరాలి.

దీపాలను పలక వెనుక మరొక పలక మీద అమరుస్తారు. దీపాల మధ్య ఎంత దూరం ఉంటుందో, దీపాలకూ ముందుపలకకూ మధ్య దాదాపు అంత ఎడం ఉంటే వెలుగు సమంగా పరచుకొంటుంది. లోపలి గోడలకు తెల్లరంగు వేయాలి. మీటల వెనుకభాగాలు వెలుగుకు అడ్డుపడి నీడలు వేస్తాయి. అటువంటి చోట్ల అదనంగా ఒక దీపం పెట్టాలి. ఇక్కడే తయారుచేసినవారి నేర్పు బయటపడుతుంది. ఒక అక్షరం మండుతూ, పక్క అక్షరం మసకగా ఉంటే కన్ను అటువైపే లాగబడుతుంది. అన్ని అక్షరాలూ సమానంగా వెలిగినప్పుడు మాత్రమే అసలు హెచ్చరిక దీపం వేరుగా కనబడుతుంది.

వెలుగును తగ్గించడానికి విద్యుత్తును సెకనుకు కొన్ని వందలసార్లు వేసి ఆర్పుతారు. వెలిగి ఉన్న కాలం తగ్గేకొద్దీ కంటికి వెలుగు తగ్గినట్లు తోస్తుంది. 2005లో ఇటలీలోని ఇవ్రేయా పట్టణంలో రూపుదిద్దుకొన్న ఆర్డుయినో అనే చిన్న నియంత్రణ పరికరం ఈ పనిని సులభం చేసింది. దాని ఊనో నమూనాలో చాలా కాళ్ళ వద్ద ఈ వేగం సెకనుకు సుమారు 490 సార్లు; వెలుగును 0 నుంచి 255 వరకు మెట్లుగా మార్చవచ్చు. ఐతే దాని కాలు ఒక్కటి నేరుగా ఫలకమంతటినీ వెలిగించలేదు. మధ్యలో మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరును పెట్టాలి. చిన్న వోల్టేజితో పెద్ద ప్రవాహాన్ని అదుపుచేసే ద్వారపాలకుని వంటిది అది.

మీటకు మాట నేర్పడం

వెలిగే పలక ఉన్నంత మాత్రాన విమానం కదలదు. మీట వాలినదన్న సంగతి కంప్యూటరుకు తెలియాలి. ప్రతి మీటకూ ఒక తీగ చొప్పున లాగితే వందల తీగలు అవుతాయి. అందువల్ల మీటలను గళ్ళుగా, అడ్డువరుసలు నిలువువరుసలుగా కలుపుతారు. 8 అడ్డువరుసలు, 8 నిలువువరుసలు ఉంటే 16 తీగలతో 64 మీటలను చదవవచ్చు. నియంత్రణ పరికరం ఒక్కొక్క వరుసనూ వేగంగా పలకరిస్తూ పోతుంది. ఒకేసారి మూడు మీటలు వేసి ఉన్నప్పుడు వేయని నాలుగవది కూడా వేసినట్లు భ్రమ కలగవచ్చు. దానిని నివారించడానికి ప్రతి మీటకూ ఒక డయోడ్ కలపాలి.

మీట వాలగానే లోపలి లోహపు పలుకులు కొద్ది మిల్లీసెకన్ల పాటు ఎగిరెగిరి పడతాయి. నేలమీద బంతి ఆగేముందు గెంతినట్లే ఇది. కంప్యూటరుకు అది పదిసార్లు వేసి తీసినట్లు తోస్తుంది. అందుచేత మొదటి మార్పు తరువాత కొంతసేపు వేచి, మీట స్థిరపడినాకనే ప్రోగ్రాము దానిని నమ్మాలి. సమాచారం రెండువైపులా నడవాలి. మీట స్థితి కంప్యూటరుకు వెళ్ళాలి. యంత్రం వేడెక్కిందనో, తలుపు మూయలేదనో తెలిపే దీపం ఆజ్ఞ కంప్యూటరు నుంచి ఫలకానికి రావాలి. ఇందుకు మొబిఫ్లైట్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి.

ఆట కాని ఆట

ఇంటి కాక్‌పిట్‌లో గడిపిన గంటలు వైమానికుని లైసెన్సుకు లెక్కకు రావు. ప్రభుత్వ వైమానిక సంస్థలు పరీక్షించి ఆమోదించిన అనుకరణ యంత్రాలలో చేసిన శిక్షణకే ఆ గుర్తింపు ఉంటుంది. అయినప్పటికీ ఈ శ్రమ వృథా కాదు. ఒక ఫలకాన్ని స్వయంగా తయారుచేసినవారు ప్రతి మీట పేరునూ చెక్కుతారు, ప్రతి తీగనూ అతుకుతారు, ప్రతి దీపం ఎందుకు వెలుగుతుందో తెలుసుకొంటారు. చూచి దాటిపోయేవారికి ఆ జ్ఞానం దొరకదు.

ఆ జ్ఞానం విలువ ఎంతటిదో చెప్పడానికి 2005 ఆగస్టు 14 నాటి ఘటన ఒకటి చాలును. హీలియోస్ ఎయిర్‌వేస్ సంస్థకు చెందిన బోయింగ్ 737 విమానం ఒకటి సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్సుకు బయలుదేరింది. అంతకుముందు నేలమీద మరమ్మతు పరీక్ష చేసినప్పుడు, విమానంలోని గాలి పీడనాన్ని నియంత్రించే మీటను స్వయంచాలక స్థితి నుంచి మాన్యువల్ స్థితికి తిప్పారు. అది అలాగే ఉండిపోయింది. ఆ మీట నెత్తిమీది ఫలకంలోనే ఉన్నది. మాన్యువల్ అని తెలిపే ఆకుపచ్చ దీపం కూడా అక్కడే ఉన్నది. బయలుదేరేముందు చేసిన తనిఖీలలో దానిని ఎవరూ గుర్తించలేదు. విమానం పైకి పోయినకొద్దీ లోపలి గాలి పలుచబడింది. హెచ్చరిక మోత వినబడింది. కాని అదే మోతను నేలమీద మరొక లోపాన్ని తెలపడానికి కూడా వాడేవారు. చాలకులు దానిని ఆ రెండవ లోపంగా పొరబడ్డారు. ప్రాణవాయువు చాలక వారు స్పృహ తప్పారు. చాలాసేపు తనంతట తానే ఎగిరిన విమానం ఇంధనం అయిపోయి ఏథెన్సు సమీపంలోని కొండలలో కూలిపోయింది. అందులోని 121 మందీ మరణించారు. తరువాతి కాలంలో ఆ రెండు హెచ్చరికలనూ వేరుచేసి చూపే దీపాలను 737 విమానాలలో అమర్చవలసిందిగా నిబంధన వచ్చింది.

ఇంటి గదిలో కూర్చొని, అక్రిలిక్ పలక మీద ఆ మీట పేరును చెక్కుతున్న విద్యార్థికి ఈ ఘటన తెలిసి ఉండాలి. అతడు చెక్కుతున్నది కేవలం ఒక ఆంగ్లపదం కాదు. చీకటిలో, తొందరలో, అలసటలో ఉన్న ఒక మనిషి కన్ను వెదికే గుర్తు అది. అక్షరం స్పష్టంగా ఉండాలి, వెలుగు సమంగా ఉండాలి, మీట చోటు మారకుండా ఉండాలి. అన్నిటికీ మించి ఆ అక్షరాన్ని చదివే అలవాటు మనిషికి ఉండాలి. దీపం తన పని తాను చేస్తుంది. దానిని చూడవలసిన పని మాత్రం మనిషిదే.